ముందు ఎవరిని చూడాలి?

 

ఈ రోజు పాఠం పుస్తకంలో లేదు. పలకలు పక్కన పెట్టండి. కాసేపు మాట్లాడుకుందాం. చివర్లో మళ్ళీ పలకతో పని ఉంది, అప్పుడు తీసుకుందురుగాని.

పోయిన వారం ఇక్కడే ఒక మాట వచ్చింది. ఒక అక్క ఆసుపత్రికి వెళ్ళిందట. పొద్దున ఏడింటికి వెళ్ళి కూర్చుందట. పన్నెండు దాటినా పిలుపు లేదట. తన తర్వాత వచ్చిన ఒకామెను మాత్రం నేరుగా లోపలికి తీసుకుపోయారట. అక్క కోపంగా చెప్పింది. "డబ్బు ఇచ్చి ఉంటుంది" అన్నారు కొందరు. "తెలిసినవాళ్ళయి ఉంటారు" అన్నారు ఇంకొందరు. ఆ రోజు నేను ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ సంగతి మీద నాకూ ఒక అనుభవం ఉంది. చెప్పడానికి సిగ్గేసింది. ఇంటికి పోయాక అనుకున్నాను, చెప్పకపోతే తప్పు అని. అందుకే ఈ రోజు చెబుతున్నాను.

రెండేళ్ళ కిందటి మాట. వానాకాలం. మా పక్కింటి వదినకు పది నెలల బాబు. రాత్రి నుంచి నీళ్ళ విరేచనాలు. తెల్లారేసరికి ఏడెనిమిదిసార్లు అయ్యాయి. పాలు పట్టినా కక్కేస్తున్నాడు. అన్న ఊళ్ళో లేడు. "నువ్వు చదువుకున్నదానివి, తోడు రా అమ్మా" అంది వదిన. ఆటో మాట్లాడుకుని పట్నంలో ఆసుపత్రికి వెళ్ళాం. ఏ ఆసుపత్రి అన్నది వదిలేద్దాం.

ఓపీ చీటీ రాయించాను. మా నంబరు 64. లోపల 20 నడుస్తోంది. బెంచీ మీద చోటు దొరికింది, కూర్చున్నాం. మా ముందు ఒక పిల్లాడు ఉన్నాడు. ఆరేడేళ్ళు ఉంటాయి. సైకిలు మీంచి పడి మోచెయ్యి వాచింది. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటే అందరికీ జాలేసింది. "పాపం, పిల్లాణ్ణి ముందు పోనివ్వండి" అన్నారు. నేనూ అన్నాను.

మా బాబు కూడా మొదట ఏడ్చాడు. కాసేపటికి ఏడుస్తున్నాడు గానీ కంట్లో నీళ్ళు లేవు. ఇంకాసేపటికి ఏడుపు కూడా ఆగింది. వదిన భుజం మీద తల వాల్చేశాడు. "హమ్మయ్య, నిద్రపోయాడు వదినా" అన్నాను నేను. వదిన మనసు మాత్రం కుదుటపడలేదు. "ఒక్కసారి లోపలికి వెళ్ళి చెప్పి చూడమ్మా" అంది. "వరస తప్పితే బాగుండదు వదినా, ఇక్కడ అందరూ మనలాంటివాళ్ళే గదా" అన్నాను. నేను టీచర్ని. బళ్ళో రోజూ పిల్లలకు చెప్పేది అదే. లైన్లో నిలబడండి. తోసుకోకండి. ముందు వచ్చినవాళ్ళు ముందు.

అప్పుడు ఒక నర్సమ్మ ట్రే పట్టుకుని అటుగా పోతోంది. మమ్మల్ని దాటి నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది. "బాబు ఎంతసేపటి నుంచి ఇలా ఉన్నాడు?" అని అడిగింది. బాబు ముఖం దగ్గర చిటికె వేసింది. పిలిచింది. బాబు కళ్ళు తెరవలేదు. చొక్కా పైకెత్తి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. చర్మం వెంటనే సర్దుకోలేదు. మడత అలాగే నిలబడింది. ట్రే బెంచీ మీద పెట్టేసి బాబును చేతుల్లోకి తీసుకుంది.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "సిస్టర్, మా నంబరు ఇంకా రాలేదు" అన్నాను.

ఆమె నా వంక చూసింది. ఏమీ అనలేదు. బాబును తీసుకుని లోపలికి పరుగెత్తింది. వదిన వెనకాలే పరుగెత్తింది. నేను 64 నంబరు చీటీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

బాబు బతికాడు. గ్లూకోజు ఎక్కించారు. రెండు రోజులు ఉంచుకుని పంపించారు. మీ అందరికీ వాణ్ణి తెలుసు. మొన్న మన కేంద్రంలో చాకుపీసులు నమిలింది వాడే! వదిన నన్ను ఈనాటికీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మేము కూర్చున్న వసారాకు అవతల ఇంకో తలుపు ఉంది. దాని మీద బోర్డు ఉంది. తెలుగు అక్షరాల్లో 'క్యాజువాలిటీ' అని రాసి ఉంది. నేను ఆ బోర్డు చదివాను. మూడు గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ మాటకు అర్థం మాత్రం తెలియదు. అదేదో ఆఫీసు గది అనుకున్నాను. క్యాజువాలిటీ అంటే ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళను చూసే చోటు. కొన్ని ఆసుపత్రుల్లో 'ఎమర్జెన్సీ' అని ఉంటుంది. కొన్నిటిలో 'అత్యవసర విభాగం' అని ఉంటుంది. మూడూ ఒకటే. ఓపీకి వేళలు ఉంటాయి, నంబర్లు ఉంటాయి. ఈ తలుపుకు నంబరు లేదు. ఇది రాత్రీ పగలూ తెరిచి ఉంటుంది. ఈ మూడు మాటలూ బోర్డు మీద రాస్తాను, పలకల మీద దించుకోండి. తర్వాత.

ఆ నర్సమ్మ చేసిన పనికి ఒక పేరు ఉంది. ట్రయాజ్ అంటారు. మా ఊరి ఎ.ఎన్.ఎం. అక్క దగ్గర ఒక పుస్తకం తీసుకుని చదివాక నాకు తెలిసింది. ఇది ఫ్రాన్సు దేశపు మాట. అర్థం ఏమిటంటే ఏరడం, వేరు చేయడం. అంతే!

ఏరడం మనకు కొత్త కాదు. మిరపకాయల కల్లంలో తాలుకాయలు ఏరుతాం గదా. ఎర్రకాయ ఒక రాశి, తాలుకాయ ఒక రాశి. చూడగానే చెయ్యి దానంతట అదే పోతుంది. ఒక్కో కాయను పట్టుకుని ఆలోచిస్తూ కూర్చోం. ట్రయాజ్ చేసేవాళ్ళ చెయ్యి కూడా అంతే వేగంగా పోవాలి. కానీ ఒక పెద్ద తేడా ఉంది. కల్లంలో మంచి కాయ ముందు బస్తాలోకి పోతుంది, తాలుకాయ పక్కన పడుతుంది. ఆసుపత్రిలో అందుకు తలకిందులు. ఎవరి ప్రాణం సన్నగిల్లుతోందో వాళ్ళు ముందు. గట్టిగా ఉన్నవాళ్ళు ఆగాలి.

ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది? రెండు వందల ఏళ్ళ కిందట, యుద్ధాల్లో. ఫ్రాన్సులో నెపోలియన్ అని ఒక చక్రవర్తి ఉండేవాడు. ఆయన సైన్యంలో లారే అని ఒక పెద్ద డాక్టరు పనిచేశాడు. యుద్ధం అయ్యాక వేలమంది గాయపడి నేల మీద పడి ఉండేవారు. డాక్టర్లు కొద్దిమందే. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళను ముందు చూసే అలవాటు ఉండేది. లారే కుదరదన్నాడు. గాయం ఎంత ప్రమాదమో అదొక్కటే చూడాలి, సేనాపతి అయినా మామూలు సిపాయి అయినా ఒకటే అన్నాడు. గాయపడినవాళ్ళను త్వరగా మోసుకురావడానికి తేలిక గుర్రపు బళ్ళు పెట్టించింది కూడా ఆయనే. ఇప్పటి అంబులెన్సుకు ముత్తాత అనుకోండి. మన దగ్గర 108 బండి 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది.

ఇప్పుడు ఏరడానికి రంగులు పెట్టుకున్నారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు. ఎక్కడో ఒక బస్సు బోల్తా పడిందనుకుందాం. (మన కూలీల ట్రాక్టరు అనబోయాను. వద్దులెండి, అలాంటి మాట మన మీద వద్దు.) నలభై మంది పడి ఉన్నారు. సాయానికి వచ్చింది ఇద్దరే. ముందు ఎవరి దగ్గరికి పోవాలి?

మనమైతే ఎవరు గట్టిగా అరుస్తుంటే వాళ్ళ దగ్గరికి పోతాం. అది మనిషి గుణం. కానీ నేర్చుకున్నవాళ్ళు అలా చేయరు. మొదట గట్టిగా ఒక కేక వేస్తారు. "నడవగలిగినవాళ్ళంతా ఆ చెట్టు కిందికి రండి!" అని. సగం మంది లేచి వెళ్తారు. కుంటుతూ, ఏడుస్తూ, రక్తం తుడుచుకుంటూ వెళ్తారు. వాళ్ళందరికీ ఆకుపచ్చ. ఒక్క కేకతో సగం పని అయిపోయింది చూశారా!

తర్వాత లేవలేని వాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్తారు. ఒక్కొక్కరి దగ్గర ఒక నిమిషం కూడా ఆగరు. మూడే మూడు చూస్తారు. ఊపిరి. నాడి. తెలివి. ఊపిరి ఆడుతోందా? నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు ఎగపోస్తోందా? అయితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందడం లేదా? ఎరుపు. "నా చెయ్యి పట్టుకుని నొక్కమ్మా" అంటే నొక్కలేకపోతోందా? ఎరుపు. ఈ మూడూ బాగుండి లేవలేకపోతే పసుపు. కాలు విరిగినవాడు ఎంత అరిచినా పసుపే. అతను గంట ఆగగలడు. ఎరుపు ఆగలేదు. మధ్యలో వైద్యం చేస్తూ కూర్చోరు. ఊపిరికి అడ్డం ఉంటే గడ్డం పైకెత్తి దారి చేస్తారు. రక్తం చిమ్ముతుంటే గుడ్డతో నొక్కిపెట్టమని పక్కవాళ్ళకు చెబుతారు. మళ్ళీ ముందుకు పోతారు. ఈ లెక్కను అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 1983లో ఒక ఆసుపత్రివాళ్ళూ ఫైరింజను వాళ్ళూ కలిసి తయారుచేశారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు.

మరి నలుపు ఎవరికి? అవ్వా, మీరు అడగబోయేది అదేనని నాకు తెలుసు. గడ్డం పైకెత్తి దారి చేసినా ఊపిరి రాకపోతే నల్ల చీటీ. వాళ్ళను వదిలి ముందుకు పోతారు. వినడానికే కష్టంగా ఉంది. నాకు పుస్తకంలో ఆ పేజీ దగ్గర చదవబుద్ధి కాలేదు. కానీ అవతల ఇద్దరు బతికేవాళ్ళు ఉన్నారు, చేతులు రెండే ఉన్నాయి. ఆ రోజు అలా చేయక తప్పదు. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది పెద్ద ప్రమాదం జరిగిన రోజు లెక్క. మామూలు రోజున ఆసుపత్రికి ఊపిరి ఆడని మనిషి ఒకరే వస్తే అందరూ ఆ ఒక్కరి మీదికే పరుగెత్తుతారు. ఆ రోజు ఆ మనిషే అందరికంటే ముందు. నలుపు అని ఎవరూ వదిలేయరు.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాం.

ఆఫ్రికాలో మలావీ అని ఒక దేశం ఉంది. బీద దేశం. అక్కడ బ్లాంటైర్ అనే పట్నంలో ఒక పెద్ద సర్కారు ఆసుపత్రి ఉంది. మనలాగే తల్లులు పిల్లల్ని వీపున కట్టుకుని నడిచి వస్తారు. వరసలో కూర్చుంటారు. ఆసుపత్రిలో చేరిన నూరు మంది పిల్లల్లో 10 నుంచి 18 మంది దాకా చనిపోయేవారు. ఎక్కువమంది మొదటి రోజే పోయేవారు. అక్కడి డాక్టర్లు పద్ధతి మార్చారు. వచ్చిన బిడ్డను వచ్చినట్టే ఒక నర్సు చూసి ఏరుతుంది. ప్రమాదంలో ఉన్న బిడ్డకు అక్కడికక్కడే వైద్యం మొదలుపెడతారు. పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. అంతకు మించి పెద్ద పెద్ద యంత్రాలేమీ తేలేదు. ఆ తర్వాత నూరుకు 6 నుంచి 8 మందికి తగ్గింది. 2006లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ఆ పేజీ చదువుతుంటే నాకు మా నర్సమ్మ ట్రే కింద పెట్టడం కళ్ళ ముందు కనపడింది. అక్కడ అది ఒకరి డ్యూటీ. మేము వెళ్ళిన చోట అది ఎవరి డ్యూటీ కాదు. ఆమె అటుగా పోయింది కాబట్టి చూసింది. ఒక నిమిషం ముందో వెనకో పోయి ఉంటే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు పిల్లల్ని మూడు రకాలుగా ఏరమన్నారు. వెంటనే చూడాల్సినవాళ్ళు. త్వరగా చూడాల్సినవాళ్ళు. వరసలో ఆగగలిగినవాళ్ళు. మన నంబరు చీటీ మూడో రకానికి మాత్రమే పనికొస్తుంది. మొదటి రకానికి నంబరు లేదు.

మొదటి రకం ఎలా తెలుస్తుంది? ఇది జాగ్రత్తగా వినండి. బిడ్డ ఊపిరికి ఎగబడుతుంటే, డొక్కలు లోపలికి గుంజుతుంటే, పెదాలు నీలంగా మారితే. చేతులూ కాళ్ళూ చల్లబడిపోతే. పిలిచినా పలకకపోతే, మూర్ఛ వస్తుంటే. విరేచనాలైన బిడ్డ సోలిపోయి, కళ్ళు పీక్కుపోయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత రెండు సెకన్లు దాటినా పోకపోతే. ఇవన్నీ క్యాజువాలిటీ తలుపుకే. రొమ్ము పట్టని బిడ్డ, తాగింది తాగినట్టు కక్కేసే బిడ్డ కూడా ప్రమాదంలో ఉన్నట్టే.

రెండు నెలలు నిండని పసిగుడ్డు అయితే పైకి బాగానే కనిపించినా వరసలో కూర్చోబెట్టకూడదు. అంత చిన్న ప్రాణం ఎప్పుడు ఎలా మారుతుందో చెప్పలేం. "సిస్టర్, బాబుకు ఇంకా నెలన్నరే" అని చెప్పండి. అలాగే బాగా చిక్కి శల్యమైన బిడ్డ, రెండు పాదాలూ వాచిన బిడ్డ, ఒళ్ళు కాలిన బిడ్డ, ఏదైనా మందో విషమో మింగిన బిడ్డ. వీళ్ళు త్వరగా చూడాల్సినవాళ్ళు.

గుక్కపట్టి ఏడ్చే బిడ్డకు ఊపిరి ఉంది, తెలివి ఉంది, బలం ఉంది. అందుకే ఏడవగలుగుతున్నాడు. చెయ్యి వాచిన ఆ పిల్లాడికి నొప్పి నిజమే, కాదనను. వాడికీ మందు కావాలి. కానీ మా బాబుకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను నిద్ర అనుకున్నాను.

పెద్దవాళ్ళలోనూ ఇదే తంతు. ముఖ్యంగా మనలో. ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగితే మనం ఏమంటాం? "ఏం లేదమ్మా, కాస్త నలతగా ఉంది" అంటాం. పుట్టింట్లో ఓర్చుకోమన్నారు. అత్తింట్లో ఓర్చుకోమన్నారు. ఓర్చుకోవడం మనకు అలవాటైపోయింది. అయితే ఏరే మనిషికి మన లోపల ఏముందో కనపడదు. కళ్ళతో చూసింది, మన నోటితో విన్నది, అంతే ఆమెకు ఆధారం. నలతగా ఉంది అంటే వరసలో కూర్చోమంటుంది. ఆమె తప్పు ఏముంది?

కాన్పయిన మనిషికి రక్తం పోతుంటే, పెట్టుకున్న గుడ్డ ఐదు నిమిషాల్లో తడిసిపోతుంటే, "కొంచెం ఎక్కువగా అవుతోంది" అని నసగకూడదు. "గుడ్డ ఐదు నిమిషాల్లో తడిసిపోతోంది" అని గట్టిగా చెప్పాలి. మగవాళ్ళు పక్కన ఉన్నా సరే చెప్పాలి. సిగ్గుపడే చోటు కాదది. నిండు గర్భిణికి తలపోటు, కళ్ళు మసకలు వస్తుంటే అదీ చెప్పాలి. మూర్ఛకు ముందు అలా వస్తుంది. గుండెపోటు కూడా ఆడవాళ్ళకు ఒక్కోసారి గుండెల్లో నొప్పి పెద్దగా లేకుండానే వస్తుంది. ఆయాసం, చల్లటి చెమటలు, వాంతి, దవడలోనో వీపులోనో నొప్పి. గ్యాసు అనుకుని వాము నములుతూ కూర్చుంటాం.

పాము సంగతి చెప్పకుండా ఎలా? కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, కింద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. కాటు పెద్దగా నొప్పి ఉండదు. వాపూ ఉండదు. చీమ కుట్టిందేమో అనుకుని మళ్ళీ పడుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. మింగుడు పడదు. మాట తడబడుతుంది. చివరికి ఊపిరి ఆగిపోతుంది. అందుకని పాము కరిచిందని అనుమానం ఉంటే మనిషి బాగానే మాట్లాడుతున్నా సరే, నేరుగా క్యాజువాలిటీకే తీసుకుపోవాలి. కట్టు బిగించడం, కోయడం, ఆకు పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా తీసుకుపోవాలి. "రెప్పలు వాలుతున్నాయి" అన్న ఒక్క మాట చాలు, నేర్చినవాళ్ళు లేచి వస్తారు.

అంటే అక్కడికి పోయి పెద్దగా అరవమని నేను చెప్పడం లేదు. అరిస్తే పని అవుతుందని కొందరు అరుస్తారు. తలుపులు గుద్దుతారు. నర్సమ్మలను కొట్టడానికి కూడా పోతారు. అప్పుడు ఆమె అరిచేవాడికి సమాధానం చెబుతూ ఉంటుంది. మూలన కూర్చున్న మనిషిని ఎవరు చూస్తారు? అరవద్దు. గుర్తు చెప్పండి. "జ్వరం" అని ఊరుకోకండి. "జ్వరం, పొద్దున్నుంచి పాలు పట్టడం లేదు, పిలిస్తే పలకడం లేదు." ఇలా చెప్పండి. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు అయింది, ఏ మందు వేశారు, ఇవి చీటీ మీద రాసి పట్టుకుపోతే ఇంకా మంచిది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు గదా! 108కి ఫోన్ చేసినా ఇవే అడుగుతారు. ముందు మీరు ఎక్కడ ఉన్నారో చెప్పాలి. ఊరు, మండలం, దగ్గరలో గుడో బడో ఏదో ఒక గుర్తు.

ఇంకొకటి. ఒకసారి ఏరితే అయిపోదు. మనిషి మారుతూ ఉంటుంది. పదింటికి ఆకుపచ్చగా ఉన్నది పదకొండింటికి ఎరుపు కావచ్చు. మంచి ఆసుపత్రిలో కూర్చున్నవాళ్ళను మళ్ళీ మళ్ళీ చూసి పోతారు. చూడకపోతే మనమే వెళ్ళి చెప్పాలి. "ఇందాక చూశారమ్మా, అప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది" అనాలి. మా వదిన చెప్పిరమ్మన్నది అదే. ఆమె బడికి పోలేదు. ఆ రోజు బిడ్డను సరిగ్గా చదివింది ఆమే.

పోయిన వారం అక్క అడిగిన ప్రశ్న ఇంకా మిగిలింది. వెనక వచ్చిన ఆమె ముందు ఎందుకు పోయింది? అక్కా, నిజంగా నాకు తెలియదు. డబ్బు ఇచ్చి పోయిందో, ప్రాణం మీదికి వచ్చి పోయిందో. రెండూ జరుగుతాయి. పెద్దవాళ్ళ ఫోన్లు రావడం, వరస తప్పించడం మనం చూడనిది కాదు. లేదని మీకు చెబితే మీరే నవ్వుతారు. అలాంటప్పుడు అడగండి. "ఆమెకు ఏమైంది సిస్టర్?" అని మర్యాదగా అడగండి. ఊపిరి ఆడటం లేదని చెబితే మీ కోపం అక్కడే పోతుంది. సమాధానం చెప్పకుండా కసురుకుంటే అప్పుడు అది వేరే సంగతి. దాని మీద ఒక అర్జీ ఎలా రాయాలో వచ్చే వారం పాఠం పెట్టుకుందాం.

ఆగాల్సి వచ్చినప్పుడు ఒళ్ళు మండుతుంది. నాకూ మండుతుంది. పోయిన ఏడు నా వేలు తలుపులో నలిగింది. రెండు గంటలు కూర్చోబెట్టారు. నొప్పి నొప్పే! కానీ ఆ రెండు గంటల్లో మూడు స్ట్రెచర్లు నా ముందు నుంచి లోపలికి పోయాయి. నన్ను ఆగమన్నారంటే నేను చావడం లేదని వాళ్ళు తేల్చినట్టే గదా, అనుకుని కూర్చున్నాను.

సరే. ఇప్పుడు పలకలు తీసుకోండి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకుందాం. దగ్గూ జలుబూ ఉన్న బిడ్డకు ఇది చాలా అవసరం. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట చూడాలి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. బోర్డు మీద రాస్తున్నాను, దించుకోండి.

రెండు నెలల లోపు బిడ్డకు 60.
రెండు నెలల నుంచి ఏడాది లోపు 50.
ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40.

ఈ అంకె గానీ, ఇంతకంటే ఎక్కువ గానీ వస్తే ఊపిరి వేగంగా ఉన్నట్టు. ఆ రోజే చూపించాలి. డొక్కలు కూడా గుంజుతుంటే ఆ నిమిషమే బయలుదేరాలి.

చిన్నక్కా, మీ పాప ఒళ్ళో నిద్రపోతోంది గదా. ఎన్నో నెల? ఎనిమిదా? అయితే ఏ అంకె చూడాలి? చెప్పండి అందరూ. అదీ! కొంచెం గౌను పైకి జరపండి. పొట్ట కనపడాలి. లేపకండి. గడియారం నేను పట్టుకుంటాను. మీరంతా పాప పొట్ట వంకే చూస్తూ మనసులో లెక్కపెట్టండి. ఎంత వచ్చిందో ఎవరికి వాళ్ళు పలక మీద రాయండి. పక్కవాళ్ళది చూడొద్దు.

ముల్లు పన్నెండు మీదికి వస్తోంది. ఆ... మొదలుపెట్టండి.